గొట్టం వెనక గడియ: తొలి బోల్ట్ యాక్షన్ రైఫిళ్ల చిక్కుముడి

పోలీస్ స్టేషన్ సెంట్రీ భుజాన దశాబ్దాల పాటు వేలాడిన త్రీ నాట్ త్రీ తుపాకి మన ఊళ్లలో చాలామందికి గుర్తే. దాని కుడి పక్కన కొస గుండ్రంగా ఉన్న పిడి ఒకటి ఉంటుంది. దాన్ని పైకెత్తి, వెనక్కి లాగి, మళ్లీ ముందుకు తోసి, కిందికి దించితే తుపాకి ఇంకోసారి పేలడానికి సిద్ధమవుతుంది. పాత ఇళ్ల తలుపులకుండే ఇనప గడియ కూడా ఇలాగే పనిచేస్తుంది: పిడి ఎత్తాలి, జరపాలి, దించాలి. ఇంగ్లిషులో ఆ గడియ పేరే బోల్ట్. తుపాకికి ఆ పేరు తలుపు నుంచే వచ్చింది.

గడియ అన్నాక అది మూసే తలుపు ఒకటుండాలి. రైఫిల్లో ఆ తలుపు గొట్టం వెనక చివర ఉంటుంది. దాన్ని సరిగ్గా మూయడానికి 1836 నుంచి 1898 దాకా అరవై ఏళ్లకు పైగా పట్టింది. ఈ చరిత్రను ఎక్కువమంది వేగం లెక్కల్లో చెబుతారు: నిమిషానికి రెండు గుండ్ల నుంచి పదికి, పది నుంచి పదిహేనుకి అని. ఆ లెక్కలు తప్పు కాదు, కానీ వేగం చివరికి చేతికొచ్చిన ఫలితం మాత్రమే. తుపాకులు తయారుచేసినవాళ్ల బుర్ర తిన్న ప్రశ్న వేరు. మందు పేలినప్పుడు పుట్టే వాయువు ముందుకే పోవాలి, వెనక ఉన్న మనిషి మొహం మీదికి రాకూడదు. అదెలా?

మూతిలోంచి దట్టించే పాత తుపాకికి ఈ చిక్కు లేదు. దాని వెనక వైపు ఇనుముతో శాశ్వతంగా మూసేసి ఉంటుంది. చిక్కల్లా నింపడంలోనే. సిపాయి కాగితపు తూటాను పళ్లతో చించి, మందు గొట్టంలో పోసి, గుండును మూతిలో పెట్టి, పొడవాటి కడ్డీతో అడుగు దాకా దట్టించి, కడ్డీని తిరిగి దాని చోట పెట్టి, వెనక నిప్పు పుట్టించే చిన్న రాగి క్యాప్ తొడిగి, అప్పుడు గురి చూడాలి. 1857 తిరుగుబాటుకు నిప్పు రాజేసిన కొవ్వు పూసిన తూటాలు ఈ తరహా ఎన్‌ఫీల్డ్ తుపాకివే. తరిఫీదు ఉన్నవాడికి నిమిషానికి రెండు మూడు గుండ్లు గగనం. అంతకన్నా పెద్ద లోపం ఇంకొకటుంది. మందు గొట్టం అడుక్కి జారాలంటే తుపాకిని నిలువుగా పట్టుకోవాలి. మీటరు దాకా ఉండే గొట్టాన్ని నిలబెట్టాలంటే మనిషీ నిలబడాలి, కనీసం మోకాళ్ల మీద లేవాలి. శత్రువు ఎదుట అలా లేచి నిలబడే ప్రతి నిమిషం ప్రాణాంతకమే.

వెనక నుంచి నింపితే పడుకునే నింపొచ్చు. ఈ ఆలోచన కొత్తది కాదు, అంతకు ముందు శతాబ్దాల్లోనూ ప్రయత్నించారు. అయితే తెరిచి మూసే ప్రతి తలుపుకీ సందు ఉంటుంది. వెంట్రుకంత సందు దొరికినా మండే వాయువు అందులోంచి చిమ్ముతుంది, చిమ్మిన ప్రతిసారీ ఆ లోహాన్ని కాస్త కోసుకుపోతుంది. సందు పెద్దదవుతుంది, గుండు బలం తగ్గుతుంది, కాల్చేవాడి బుగ్గ కాలుతుంది.

తాళాలవాడి సూది

జర్మనీ థురింగియా ప్రాంతంలోని జ్యోమెర్డా ఊరివాడైన జొహాన్ నికొలౌస్ డ్రైజె తాళాలు చేసేవాడి కొడుకు. తనూ ఆ పనే నేర్చాడు. పారిస్‌లో స్విస్ తుపాకి నిపుణుడు పౌలీ కార్ఖానాలో కొన్నేళ్లు పనిచేసి, తిరిగొచ్చి సొంతంగా ప్రయోగాలు మొదలుపెట్టాడు. 1827 నాటి అతని తొలి సూది తుపాకిని ఇంకా మూతిలోంచే నింపాలి. వెనక నుంచి నింపే బోల్ట్ తుపాకి 1836లో తయారైంది. 1840 చివర్లో జర్మన్ రాజ్యమైన ప్రష్యా రాజు 60,000 తుపాకులకు ఆర్డరిచ్చాడు. రహస్యం బయటపడకుండా దానికి 'తేలికపాటి పెర్కషన్ తుపాకి ఎం/41' అని ఏమీ తెలియనివ్వని పేరు పెట్టారు. ఆ రహస్యం 1848 జూన్ 14న వీధిన పడింది. బెర్లిన్ ఆయుధాగారంలోకి జనం చొరబడి, అక్కడ దాచిన కొత్త తుపాకులు పట్టుకుపోయారు.

డ్రైజె తూటాను విప్పి చూస్తే అతని ఆలోచన అర్థమవుతుంది. బయట కాగితపు గొట్టం. దాని అడుగున, అంటే కాల్చేవాడి వైపు, ఏమీ ఉండదు, ఉత్త కాగితమే. దాని ముందు సుమారు 4.8 గ్రాముల నల్ల తుపాకిమందు. మందుకు ముందు కాగితపు గుజ్జును గట్టిగా అదిమి చేసిన ఒక బిళ్ల. ఆ బిళ్ల వెనక గుంటలో పేలుడు పదార్థం, ముందు గుంటలో ఓక్ గింజ ఆకారంలో సీసపు గుండు. అంటే నిప్పు పుట్టే చోటు మందుకు ముందుంది! అందుకే పొడవాటి సూది అవసరమైంది. ట్రిగ్గర్ నొక్కితే సూది కాగితాన్ని పొడిచి, మందునంతా చీల్చుకుంటూ వెళ్లి, బిళ్లను గుచ్చుతుంది. ముందు నుంచి వెనక్కి మండితే మందు పూర్తిగా కాలుతుందని డ్రైజె నమ్మకం. గొట్టం లోపలి వ్యాసం సుమారు 15.4 మి.మీ. అయితే గుండు వ్యాసం 13.6 మాత్రమే. గుండు గొట్టాన్ని తాకదు. గొట్టంలోని మెలిక గాళ్లను పట్టుకుని తిరిగేది కాగితపు బిళ్లే. వెళుతూ వెళుతూ ఆ బిళ్ల పాత మసిని కూడా ఊడ్చుకుపోతుంది. మూతి దాటాక బిళ్ల శుభ్రంగా విడిపోకపోతే మాత్రం గుండు దారి తప్పుతుంది.

నింపే పద్ధతిలో అయిదు కదలికలుంటాయి. బోల్ట్ వెనక ఉన్న చిన్న గొట్టాన్ని బొటనవేలితో నొక్కి వెనక్కి లాగితే సూది లోపలికి పోతుంది. అరచేత్తో పిడిని కొట్టి పైకెత్తి వెనక్కి లాగాలి. తూటా పెట్టాలి. బోల్ట్ ముందుకు తోసి, పిడిని కుడివైపుకి కొట్టి బిగించాలి. ఆఖర్న చిన్న గొట్టాన్ని టక్కుమనేదాకా ముందుకు తోస్తే స్ప్రింగు ఎక్కుతుంది. 'కొట్టాలి' అన్నది ఊరికే వాడిన మాట కాదు. పిడి మొదలు ఆనే అంచు కొంచెం ఏటవాలుగా ఉంటుంది. పిడిని దించుతున్నకొద్దీ అది చీలలా పనిచేసి బోల్ట్‌ను ముందుకు బిగిస్తుంది. తలుపు గడియ కూడా కాస్త వాలుగా ఉంటేనే గదా తలుపు చప్పుడు చేయకుండా బిగుస్తుంది.

మరి వాయువు సంగతి? డ్రైజె దగ్గర రబ్బరూ లేదు, ఇత్తడీ లేదు. గొట్టం వెనక చివరను శంకువులా సానబెట్టాడు, బోల్ట్ ముందు భాగంలో సరిగ్గా అదే కొలతకు గుంట తీశాడు. ఇనుము మీద ఇనుము కూర్చుంటుంది. పనితనం చూడాల్సింది ఇక్కడే. బోల్ట్ అంచు గొట్టం మీదికి తొడుక్కుంటుంది కాబట్టి, వాయువు తప్పించుకున్నా వెనక్కి కాకుండా ముందుకే తిరుగుతుంది. తలుపు పూర్తిగా మూయలేనని తెలిసి, పొగ పోయే దిక్కునైనా మార్చాడు. కొత్త తుపాకికి ఇది బాగానే పనిచేసింది. ఆ శంకువు అరిగాక, మసి పేరుకున్నాక కారడం ఎక్కువైంది. మొహానికి వేడి తగులుతుంటే సిపాయి బుగ్గ ఆనించి గురి చూడడు, తుపాకిని నడుము దగ్గర పెట్టుకుని కాలుస్తాడు. అప్పుడు ఎంత మంచి తుపాకైనా గురి గోవిందా.

సూదిది ఇంకో బాధ. పేలే క్షణంలో దాని మొన మండుతున్న మందు మధ్యలో ఉంటుంది. వేడికి ఉక్కు బిరుసెక్కుతుంది, మందు మిగిల్చిన గంధకపు లవణాలు గాలిలో తేమ పీల్చి దాన్ని తినేస్తాయి. విరగడం మామూలే. అందుకే సిపాయిలు అదనపు సూదులు దగ్గర పెట్టుకునేవారు. తుపాకి విప్పకుండా, బోల్ట్ తెరిచి, అరనిమిషంలో సూది మార్చుకునే వీలు డ్రైజె ముందే కల్పించాడు. విరుగుతుందని తెలిసిన భాగాన్ని సులువుగా మార్చేలా చేయడం గొప్ప ఇంజనీరింగే.

ఇన్ని లోపాలున్నా 1866 జులై 3న క్యోనిగ్‌గ్రేట్స్ యుద్ధంలో, అంటే నేటి చెక్ దేశంలో, ఈ తుపాకి ఆస్ట్రియా సైన్యాన్ని కకావికలు చేసింది. ఆస్ట్రియన్ల లోరెంజ్ తుపాకి మూతిలోంచి నింపేదే అయినా దూరం విషయంలో డ్రైజె కన్నా మెరుగు. కానీ వాళ్లు బాయొనెట్లతో గుంపులుగా దూసుకెళ్లే పద్ధతిని నమ్ముకున్నారు. చెట్ల వెనక, నేల మీద పడుకుని నిమిషానికి అయిదారు గుండ్లు కాలుస్తున్న ప్రష్యన్ల మీదికి నిలబడి నడిచారు. బందీలతో కలిపి ఆస్ట్రియా వైపు నష్టం 40,000 దాటింది, ప్రష్యాది సుమారు 9,000. సైన్యాన్ని నడిపిన తీరుకూ ఇందులో పెద్ద పాత్ర ఉంది. గెలుపంతా తుపాకిదే అంటే అతిశయోక్తి. కానీ పడుకుని నింపగల సిపాయి, నిలబడి నింపే సిపాయి ఎదురైతే ఏమవుతుందో యూరప్ అంతా ఆ రోజు చూసింది.

కుక్కర్ రబ్బరు లాంటి షాస్‌పో

ఫ్రాన్స్ అదే ఏడాది, 1866లో, ఆంట్వాన్ అల్ఫోన్స్ షాస్‌పో రూపొందించిన రైఫిల్‌ను సైన్యంలోకి తీసుకుంది. ఇదీ కాగితపు తూటానే, ఇదీ సూదే. కానీ రెండు మార్పులు మొత్తం లెక్కను మార్చేశాయి.

మొదటిది, క్యాప్ తూటా అడుక్కి వచ్చింది. సూది మందునంతా చీల్చుకుని వెళ్లక్కర్లేదు. పొట్టి సూది చాలు, విరగడం తగ్గింది.

రెండోది రబ్బరు. బోల్ట్ ముందు కదిలే చిన్న తల ఒకటి, ఆ తలకూ బోల్ట్‌కూ మధ్య మందపాటి రబ్బరు వాషరు. మందు పేలగానే వాయువు తలను వెనక్కి నెడుతుంది, మధ్యలో రబ్బరు నలిగి చుట్టూ ఉబ్బి, చాంబర్ (గొట్టం వెనక తూటా కూర్చునే గది) గోడలకు అతుక్కుంటుంది. ఒత్తిడి ఎంత పెరిగితే మూత అంత గట్టిగా పడుతుంది. ప్రెషర్ కుక్కర్ గాస్కెట్ తెలిసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఆ గాస్కెట్‌కు వచ్చే జబ్బే దీనికీ వచ్చింది. వేడికి కొన్నాళ్లకు రబ్బరు గట్టిపడి పగులుతుంది, అప్పుడు ఆవిరి కక్కుతుంది. షాస్‌పో సిపాయి దగ్గర కూడా అందుకే అదనపు వాషర్లు ఉండేవి.

వాయువు కారకపోవడంతో మందు ఎక్కువ వేయొచ్చు, గొట్టం సన్నబరచొచ్చు. షాస్‌పో గొట్టం 11 మి.మీ., గుండు సుమారు 25 గ్రాములు, మందు సుమారు 5.6 గ్రాములు. డ్రైజె గుండు వేగం సెకనుకు సుమారు 300 మీటర్లైతే దీనిది 400 పైమాటే. డ్రైజె తుపాకి 600 మీటర్లు దాటితే పెద్దగా పనికిరాదు. షాస్‌పో మీద గురి పలక 1,200 మీటర్ల దాకా గుర్తులు వేసి ఉండేది. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, ఒక రబ్బరు ముక్కనే చూపించాలి.

1870లో ఫ్రాన్స్, ప్రష్యాల మధ్య యుద్ధం మొదలైంది. ఆగస్టు 18న ఫ్రాన్స్‌లోని సాఁ-ప్రివా ఊరి ముందున్న ఖాళీ వాలు మీద ప్రష్యన్ గార్డు దళం నడిచి వెళ్లింది. తమ తుపాకులు అందని దూరంలోనే ఫ్రెంచి గుండ్లు మొదలయ్యాయి. ఆ సాయంత్రం ఆ దళంలో సుమారు 8,000 మంది చనిపోయారు లేదా గాయపడ్డారు. ప్రష్యన్లు 1869 ప్రాంతంలోనే తమ పాత తుపాకులకు రబ్బరు వాషరు బిగించే పని మొదలుపెట్టినా, అది పూర్తయ్యేలోగా యుద్ధం వచ్చిపడింది. చివరికి యుద్ధం గెలిచింది ప్రష్యాయే, అయితే అది తుపాకుల వల్ల కాదు. దూరం నుంచి పేలే ఉక్కు ఫిరంగులు, వేగంగా కదిలిన సైన్యం ఆ పని చేశాయి.

షాస్‌పోకు ఉన్న అసలు బలహీనత కాగితమే. తూటా కాగితం, పైన చుట్టిన పట్టుగుడ్డ పూర్తిగా కాలవు. చాంబర్‌లో మసి, తునకలు మిగిలిపోతాయి. యాభై అరవై గుండ్లు కాల్చాక కొత్త తూటా లోపలికి సరిగ్గా దూరదు. బలవంతంగా తోస్తే కాగితం చిరిగి మందు ఒలికిపోతుంది.

ఇత్తడి వచ్చాక

ఇత్తడి తూటా ఈ చిక్కునంతా ఒక్క దెబ్బతో తీర్చింది. మందు పేలగానే పల్చటి ఇత్తడి గోడ ఉబ్బి చాంబర్‌కు అతుక్కుంటుంది, వాయువు వెనక్కి రాదు. ఒత్తిడి తగ్గగానే ఇత్తడి కొంచెం ముడుచుకుని వదులవుతుంది. తలుపు మూసే పని బోల్ట్ నుంచి తూటాకు మారింది. ప్రతి గుండుకీ కొత్త గాస్కెట్ దొరికినట్టే. ఇక బోల్ట్ చేయాల్సింది తూటాను వెనక నుంచి గట్టిగా పట్టుకుని నిలబడటమే.

కానీ కాగితం కాలిపోతుంది, ఇత్తడి మిగులుతుంది. దాన్ని బయటికి లాగాలి. మసి పట్టిన చాంబర్‌లో వేడెక్కిన ఇత్తడి ఒక్కోసారి మొండికేస్తుంది. గట్టిగా లాగితే, తూటా అంచు పట్టుకుని లాగే బోల్ట్ కొక్కెం ఆ అంచును చీల్చుకుని వచ్చేస్తుంది, ఖాళీ తూటా లోపలే ఉండిపోతుంది. బ్రిటిష్ మార్టిని-హెన్రీ బోల్ట్ తుపాకి కాదు, మీట దించితే దిమ్మె పడే రకం. పల్చటి ఇత్తడి రేకు చుట్టి చేసిన దాని తూటాలు సూడాన్ ఇసుకలో, 1885లో అబూ క్లియా పోరులో, ఇరుక్కుని సిపాయిలను నిస్సహాయుల్ని చేశాయి. ఇత్తడి రేకును చుట్టడం మానేసి, ముద్దను సాగదీసి ఒకే ముక్కగా చేసిన తూటానే నమ్మాలన్న పాఠం చాలా ప్రాణాలు తీసుకుని వచ్చింది.

బోల్ట్ అసలు బలం ఇక్కడ బయటపడింది. నెకర్ నది ఒడ్డున ఒబెర్న్‌డోర్ఫ్ ఊళ్లో విల్హెల్మ్, పాల్ మౌజర్ అన్నదమ్ములు రూపొందించిన రైఫిల్‌ను జర్మనీ 1871 మోడల్‌గా తీసుకుంది. అందులో పిడి ఎత్తడమనే ఒక్క కదలికతో రెండు పనులు జరుగుతాయి. పిడి మొదలు ఏటవాలు అంచు మీద జారుతూ బోల్ట్‌ను కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి పీకుతుంది. కదలిక చిన్నది, బలం పెద్దది, కాబట్టి అతుక్కున్న ఇత్తడి మెల్లగా ఊడుతుంది. ఆ తర్వాతే చెయ్యి దాన్ని వేగంగా వెనక్కి లాగుతుంది. బిగుసుకున్న సీసా మూతను ముందు తిప్పి వదులు చేసి తర్వాత తీసినట్టు. రెండో పని, లోపలి ఏటవాలు గాడి పేల్చే కడ్డీని వెనక్కి నెట్టి స్ప్రింగు ఎక్కించడం. డ్రైజె, షాస్‌పోలలో బొటనవేలితో విడిగా చేయాల్సిన పని ఇక లేదు. వెనక రెక్కలా తిరిగే సేఫ్టీ కూడా ఇందులో వచ్చింది. విచిత్రం ఏమిటంటే ఖాళీ తూటాను విసిరేసే ఏర్పాటు మాత్రం పెట్టలేదు. వెనక్కి లాగాక తుపాకిని పక్కకి వంచి దాన్ని కింద పడేయాలి.

ఫ్రాన్స్ 1874లో షాస్‌పోనే ఇత్తడి తూటాకు మార్చి గ్రా రైఫిల్ చేసుకుంది. రష్యా 1870 నాటి రెండో బెర్డాన్‌ను, డచ్చివాళ్లు 1871లో స్ప్రింగును పిడిలోనే దాచిన బోమాంట్‌ను ఎంచుకున్నారు. అన్నీ సుమారు 11 మి.మీ.వే, ఒక్కో గుండూ చేత్తో పెట్టాల్సినవే. స్విట్జర్లాండ్ మాత్రం 1869 వెటెర్లీతోనే గొట్టపు మేగజైన్‌లో పదికి పైగా తూటాలు పెట్టి అందరికన్నా ముందుకు దూకింది.

పొగలేని మందు, కొత్త ఒత్తిడి

నల్ల తుపాకిమందులో సగానికి పైగా పొగగా, మసిగా మిగిలిపోతుంది. 1884లో పారిస్‌లో పాల్ వియెయ్ నైట్రోసెల్యులోజ్‌ను జిగురులా చేసి, పల్చటి రేకులుగా కోసి, పొగలేని మందు తయారుచేశాడు. దాన్ని వాడిన తొలి సైనిక రైఫిల్ ఫ్రెంచి లెబెల్, 1886 మోడల్. గొట్టం 8 మి.మీ.కి తగ్గింది, గుండు వేగం సెకనుకు 600 మీటర్లు దాటింది. మిగతా దేశాల రైఫిళ్లన్నీ ఒక్క ఏడాదిలో పాతబడ్డాయి.

ఒత్తిడి పెరిగితే గడియ బలం కూడా పెరగాలి. అప్పటిదాకా చాలా రైఫిళ్లలో పిడి మొదలు ఒక్కటే బోల్ట్‌ను ఆపేది. లెబెల్‌లో బోల్ట్ తలకు రెండు పక్కలా రెండు పళ్లు పెట్టారు, బరువంతా తూటా వెనకే ఆగిపోతుంది. అయితే లెబెల్ గొట్టపు మేగజైన్‌లో ఎనిమిది తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వెనక తూటా గుండు మొన ముందు తూటా క్యాప్‌కు ఆనుతుంది. అందుకే మొదట మొన చదునుగా ఉన్న గుండ్లే వాడారు. పైగా ఒక్కొక్కటిగా నింపాలి, కాలుస్తున్నకొద్దీ తుపాకి ముందు బరువు తగ్గి చేతిలో తూకం మారుతుంది.

స్కాట్లండ్‌లో పుట్టి కెనడాలో పెరిగిన జేమ్స్ పారిస్ లీ 1879లోనే దీనికి జవాబు చెప్పాడు. బోల్ట్ కింద పెట్టె పెట్టి, తూటాల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, అడుగున స్ప్రింగు వేయడం. బ్రిటన్ దాన్ని 1888లో లీ-మెట్‌ఫర్డ్‌గా తీసుకుంది. బ్రిటిష్ పొగలేని మందు కార్డైట్ వేడికి మెట్‌ఫర్డ్ గొట్టంలోని లోతులేని గాళ్లు త్వరగా అరిగిపోవడంతో 1895లో ఎన్‌ఫీల్డ్ గాళ్లు వచ్చాయి. బెంగాల్‌లోని ఇషాపూర్ కార్ఖానాలో తయారై మన స్టేషన్లకు చేరిన త్రీ నాట్ త్రీ ఆ వంశమే. లీ బోల్ట్ పళ్లు వెనక ఉంటాయి. దూరం తక్కువ లాగాలి, చెయ్యి చులాగ్గా కదులుతుంది, మట్టి పడినా పనిచేస్తుంది. కానీ పేలినప్పుడు బోల్ట్ పొడవంతా కొంచెం నలుగుతుంది, ఇత్తడి తూటా ఆ మేరకు సాగుతుంది. ఈ విషయంలో ముందు పళ్లే మేలు, నింపే వేగంలో మాత్రం లీని మించినది రాలేదు.

జర్మనీ తొందరపడి 1888లో ఒక కమిషన్‌తో తయారుచేయించిన రైఫిల్‌కు రెండు తప్పులు తగులుకున్నాయి. ఒకటి, కొక్కెం తూటాను పట్టుకునేది బోల్ట్ పూర్తిగా బిగిశాకే. కంగారులో సగం తోసి వెనక్కి లాగితే తూటా చాంబర్‌లోనే ఉండిపోతుంది. తర్వాతి తూటా మొన వెళ్లి దాని క్యాప్‌కు తగులుతుంది. రెండు, తూటా వెనక పగిలితే ఆ వాయువు బోల్ట్ వెంట నేరుగా కంటి మీదికి వస్తుంది.

పాల్ మౌజర్ తర్వాతి పదేళ్లూ ఈ రెంటి వెంటే పడ్డాడు. 1889 బెల్జియం మోడల్‌లో అయిదు తూటాల పట్టీని పైన ఆనించి బొటనవేలితో లోపలికి నొక్కే పద్ధతి వచ్చింది. 1893 స్పెయిన్ మోడల్‌లో తూటాలు కర్ర లోపలే ఎడమా కుడిగా సర్దుకుని కూర్చున్నాయి. బోల్ట్‌తో పాటు తిరగని పొడవాటి కొక్కెం, తూటా పెట్టెలోంచి పైకి లేస్తుండగానే అంచు పట్టుకుంటుంది. ఇక సగంలో వెనక్కి లాగినా తూటా దానితోనే వచ్చేస్తుంది.

1898 ఏప్రిల్ 5న జర్మనీ తీసుకున్న గెవేర్ 98లో రెండో తప్పుకూ మందు దొరికింది. ముందు రెండు పళ్లు విరిగినా బోల్ట్‌ను ఆపేందుకు వెనక మూడో పన్ను. బోల్ట్ వెనక కన్నుకు అడ్డుగా వెడల్పాటి అంచు. బోల్ట్ ముందు భాగంలో రెండు రంధ్రాలు. తూటా పగిలితే వాయువు ఆ రంధ్రాల్లోంచి ఎడమ గాడిలోకి మళ్లి, మొహానికి దూరంగా పోతుంది. ఆ రంధ్రాల విలువ పాల్ మౌజర్‌కు బాగా తెలుసు. 1901లో తనంతట తానే నింపుకునే రైఫిల్ నమూనాను పరీక్షిస్తుండగా తూటా పగిలి అతని ఎడమ కన్ను పోయింది.